కొయ్యకుండా అతికిన పడుగు

మాఘమాసం, మంగళవారం. గద్వాల గద్వాలంతా జమ్ములమ్మ జాతరకు కదిలిపోయింది. ఊళ్లో మిగిలింది కుక్కలు, మగ్గాలు, సంధ్య. కుక్కలు కూడా సగం పోయాయి.

ముందరి గదిలో అయిదు కంప్యూటర్ల నడుమ కూర్చుని సంధ్య ఆవులించింది. ఆ ఆవులింతకు దూలం మీది బల్లి జడుసుకుని చోటు మార్చుకుంది. నిద్రపోయి నాలుగు రోజులాయె మరి. అసలు సంగతి చెప్పాలంటే రెండేళ్లు. రెండేళ్లుగా పొద్దున ఆరింటి బస్సుకు వనపర్తి పోవడం, దినమంతా జిరాక్సు షాపులో నిలబడడం, రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరడం. ఆ బస్సు కుదుపులకు ఆమె నడుము ఇసుర్రాయి అరిగినట్టు అరిగిపోయింది. కలలో కూడా కండక్టరే కనిపించేవాడు.

ఆ బస్సు తప్పే దారి ఒక్కటే ఉంది. చీరల డిజైన్లు కంప్యూటర్‌లో గీయడం నేర్పే కేంద్రం పెడతామని నేత సంఘం వాళ్లన్నారు. ఎవరింట్లో అయిదు కంప్యూటర్లు నడుస్తుంటే వాళ్లింట్లోనే కేంద్రం, ఆ ఇంట్లోవాళ్లకే నేర్పే కొలువు. రేపు పదింటికి సంఘం సారు చూడ్డానికి వస్తున్నాడు. నడిస్తే సంధ్య ఇంటిపట్టున ఉంటుంది. నడవకపోతే ఎల్లుండి మళ్లీ ఆరింటి బస్సు.

కంప్యూటర్లయితే దొరికాయి. బిజినేపల్లిలో మూతపడ్డ ఇంటర్నెట్ దుకాణంలోవి. కానీ ఒక్కదానిలోనూ హార్డ్ డిస్కు లేదు. మెదడు తీసేసిన తలకాయలన్నమాట.

"దిష్టిబొమ్మలు తెచ్చి పెట్టినవు. చేనుకు ఒక్కటి చాలు గదనే, అయిదెందుకు?" అన్నాడు మొగుడు భాస్కర్, జాతరకు చెప్పులేసుకుంటూ.

"నీతోని ఆరు."

"నాకన్న డిస్కు ఉన్నది."

"ఉన్నది. ఖాళీది. పో, మీ అమ్మ బయట నిలబడ్డది."

వాళ్లు పోయాక ఇల్లు సద్దుమణిగింది. సంధ్య మళ్లీ పనిలో పడింది.

హార్డ్ డిస్కు లేని యంత్రానికి స్విచ్చు వేస్తే తానెవరో దానికే తెలియదు. తీగ వెంబడి కేకేస్తుంది. నేనెవరిని? ఏం పని చెయ్యాలె? అయిదింటికీ కలిపి మూలన పెట్టిన సర్వర్ డబ్బా ఆ కేక విని, దానికో నంబరిచ్చి, తన దగ్గరున్న సరంజామా అంతా తీగలోంచి పంపాలి. ఏది పంపితే ఆ యంత్రం అదే అవుతుంది. వీడియోలు చూసి సంధ్య నేర్చుకున్నది ఇదీ. నాలుగు రోజులుగా యంత్రాలు కేకేస్తూనే ఉన్నాయి. సర్వర్ నంబర్లిస్తోంది. ఆ తర్వాత, ఫైలు దొరకలేదు. ఫైలు దొరకలేదు. ఆ ముక్క వెయ్యిసార్లు చదివింది. వెయ్యంటే తక్కువే.

మధ్యాహ్నం మూడింటికి ఆమెకో ఆలోచన వచ్చింది. నేతోళ్ల ఇంటి కోడలికే వచ్చే ఆలోచన.

మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించేటప్పుడు వేల పోగులు మొదటినుంచి ఎవరూ దూర్చరు. పాత పడుగు కొసలు మగ్గంలోనే వదిలి, వాటికి కొత్త పోగులు ఒక్కొక్కటే అతుకుతారు. మరి కంప్యూటర్‌కు మాత్రం మొదటినుంచి ఎందుకు? పాతదానికి అతికితే పోలా?

పాతది ఇంట్లోనే ఉంది. మామ బుచ్చన్నది. అరవై ఏళ్లు దాటాక కంప్యూటర్ నేర్చి, గళ్ల కాయితం మీది డిజైన్లన్నీ అందులోకి ఎక్కించిన మనిషి. పోయిన వానకాలం, కోట బురుజులు వరుసగా నిలబడ్డట్టుండే కోటకొమ్మ అంచు ఒకటి సగం గీసి, కుర్చీలోనే తల వాల్చాడు. అప్పటినుంచి దాన్ని ఎవరూ తెరవలేదు.

సంధ్య దానిలో ఉన్నదంతా ఉన్నట్టే సర్వర్‌లోకి దించింది. మొదటి కంప్యూటర్ స్విచ్చు వేసింది. కేక. నంబరు. గీతలు గబగబా పరుగెత్తాయి. తెర వెలిగింది. 'బుచ్చన్న' అని పేరొచ్చింది. రెండోది, మూడోది… అయిదూ లేచాయి. అయిదు తెరల మీద అదే పేరు, అదే సగం అంచు.

ఆమె నేల మీదనే వాలి కళ్లు మూసుకుంది. నవ్వడానికి కూడా ఓపిక లేదు.

లేచేసరికి పొద్దు గుంకుతోంది. గదిలో గంజి వాసన. పడుగుకు పట్టించే పుల్లటి గంజి. ఆ ఇంట్లో నెల రోజులుగా గంజి కాచింది లేదు. పక్కింటిదేమో అనుకుంది. పక్కింటివాళ్లూ జాతరకే పోయారు.

కంప్యూటర్లు ఒక్కొక్కటే ఆపేసింది. తెరలు నల్లబడ్డాయి. సర్వర్ ఒక్కటే మిగిలింది. ఎవరడిగారు, ఎవరికిచ్చాను అని అది తన తెర మీద వరుసగా రాసుకుంటుంది. ఆ వరుస కదులుతోంది.

అడిగారు. ఇచ్చాను.

అడిగారు. ఇచ్చాను.

సంధ్య గోడలోంచి ఆ అయిదింటి ప్లగ్గులూ పీకింది. అయిదు తీగలూ ఊడదీసింది. ఒట్టి డబ్బా మిగిలింది… దాని తెర, కరెంటు తప్ప దానికి ఇంకేమీ తగిలి లేదు.

అడిగారు. ఇచ్చాను.

నల్లటి తెరల వైపు నుంచి ఒక చప్పుడు. టిక్. మౌసు నొక్కినట్టు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ… టిక్. గడి లెక్కపెట్టుకుని గీసే ముసలాయన నెమ్మది.

ఫోను మోగింది. అత్త రేణుకమ్మ. వెనక జాతర డప్పులు.

"బిడ్డా, బస్సు దొరకలే. నడుసుకుంట వస్తున్నం. నడిచిందా నీ పని?"

"నడిచింది అత్తమ్మా," సంధ్య గొంతు తగ్గించింది. "మామ కంప్యూటర్‌కు అతికిన."

డప్పులు దూరమయ్యాయి, అత్త పక్కకు జరిగినట్టు.

"కోసినవా?"

"ఏంది కోసుడు?"

"పోయినోని పడుగుకు ఊకనే అతకరు. ఇంటోళ్లు నాలుగు వేళ్ల మందం నేసి, కోసి, ఇది ముగిసింది అని చెప్పినంకనే అతకాలె. మగ్గం మీద మేం కోసినం గద. ఆయనకు పని అయిపోయిందని తెల్వాలె బిడ్డా. గా డబ్బాలది కోసినవా?"

"…కొయ్యలే."

"మరి తీసెయ్యి. ఇప్పుడే తీసెయ్యి."

సంధ్య సర్వర్ ముందు కూర్చుంది. తీసెయ్యడం ఎంతసేపు. ఒక్క మీట. కానీ తీసేస్తే మళ్లీ ఫైలు దొరకలేదు. మళ్లీ ఆరింటి బస్సు, జిరాక్సు షాపు, ఈ నడుము. పోనీ ఆ అంచు తాను గీసి ముగిద్దామంటే, వేలు కదిపే శక్తి లేదు ఆమెలో. అంత అలుపు మనిషికి ఉంటుందా అంటే, ఉంటుంది. దెయ్యానికి భయపడ్డానికి కూడా ఓపిక కావాలి.

డబ్బా దగ్గరికి వంగి గుసగుసగా అంది.

"మామా… రేపొక్కరోజు నడవనీ. తర్వాత నీ అంచు మేమే ముగిస్తం."

వరుస ఆగిపోయింది. గంజి వాసన పోయింది. అంత తొందరగా ఒప్పుకుంటాడనుకోలేదు.

అత్త వచ్చి అడిగితే, తీసేసిన అని చెప్పి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే సంధ్య తీగలు, ప్లగ్గులు మళ్లీ తగిలించింది. పదింటికి సారు వచ్చాడు. నేర్చుకోవడానికి అయిదుగురు ఆడపిల్లలు వచ్చి కూర్చున్నారు. వాళ్లలో నవ్య వాగుడుకు జూరాల డ్యాం గేట్లన్నీ ఎత్తినా సాటిరావు. పిల్లలు స్విచ్చులు వేశారు. అయిదూ లేచాయి. సారు అరగంట చూసి, తలాడించి, కాయితం మీద సంతకం పెట్టాడు.

"ఇంత నిమ్మళంగ పని చేసే పిల్లలను నేనెక్కడ చూడలేదమ్మా. ఇగ ఆపకండి," అని వెళ్లిపోయాడు.

ఆ కాయితం చేతిలో పట్టుకుని సంధ్య గుమ్మంలో చాలాసేపు నిలబడింది. రేపు బస్సు లేదు. ఎల్లుండీ లేదు. కళ్లు తిరిగేంత హాయి.

అప్పుడు గమనించింది. వచ్చినప్పటినుంచీ నవ్య ఒక్క మాట మాట్లాడలేదు.

అయిదు తెరల మీదా కోటకొమ్మ అంచు. ఎలా గీయాలో ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు. గడి తర్వాత గడి నిండుతోంది. అయిదు మౌసులు… ఒక్కటే టిక్.

"నవ్యా, చాలు ఇయ్యాలకు. లేవుండ్రి."

ఒక్కరూ తల తిప్పలేదు. సంధ్య ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. నీళ్ల కుండ ముట్టుకున్నట్టు చల్లగా తగిలింది.

"నవ్యా…"

"జర ఊకో బిడ్డా," అంది నవ్య, తెర మీంచి చూపు తిప్పకుండా. "పోగు తెగుతది."

గొంతు నవ్యదే. మాట మామది.

సంధ్య ప్లగ్గులు పీకుదామని మోకాళ్ల మీద బల్ల కిందికి దూరింది.

గుంట మగ్గం నేసేవాళ్లు నేలలోని గుంటలోకి కాళ్లు దించుకుని కూర్చుంటారు. ముందరి గదిలో గుంట లేదు. నున్నటి షాబాదు బండలు. ఆ బల్ల కింద పది కాళ్లు వరుసగా ఉన్నాయి… మోకాళ్ల వరకే. ఆ కింద బండ. పగులు లేదు, సందు లేదు. మోకాళ్లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి లేచి పడుతున్నాయి. అడుగున ఏదో తొక్కుతున్నట్టు.

ప్లగ్గుల మాట మరిచిపోయింది. వెనక్కి జరిగి లేవబోయింది.

కుడి కాలు రాలేదు.

రెండేళ్ల బస్సు అలుపు అనుకుంది. మళ్లీ లేవబోయింది…