మిర్చి గోదాంలో ఆఖరి పిలుపు

1976, ఏప్రిల్. ఉస్మాన్‌గంజ్ మిర్చి గోదాంలో మంటలారాక ఫైర్‌మన్ గుండయ్య శవం దొరికింది. లోపల, వెనక కిటికీ కిందే. చేతిలో వాకీటాకీ అలాగే ఉంది.

ఇన్‌స్పెక్టర్ వైకుంఠం దాని బటన్ నొక్కి చూశాడు. పనిచేసింది.

మరి దిగడానికి నిచ్చెన కోసం గుండయ్య ఎందుకు పిలవలేదు?

మర్నాడు పొద్దున ఫైర్ కంట్రోల్ రూం. తలుపు మూసి ఉంది. బయట కానిస్టేబుల్. ఫ్యాను తిరుగుతున్నా గాలి లేదు.

"ఈవిడ నిద్రపోయింది. కేసు పెట్టండి," అన్నాడు స్టేషన్ ఆఫీసర్ వెంకటనారాయణ, వైర్‌లెస్ ఆపరేటర్ రాజమణిని చూపిస్తూ.

"నిద్ర గాదు సార్. సెట్టు నిండ లొల్లి. ఇంజన్ చప్పుడు, దగ్గు. ఎవరి మాటా ఇనపడలే. నేను మస్తు పిలిచిన."

"పంపు బండిలో నువ్వేం విన్నావు?" వైకుంఠం రెండో మనిషిని అడిగాడు.

డ్రైవర్ ఓదెలు తలెత్తాడు. "గదే లొల్లి సార్."

"ఇద్దరిదీ సంతోష్‌నగరే. కూడబలుక్కున్నారు," అన్నాడు వెంకటనారాయణ. "జీపు డ్రైవర్‌ని అడగండి. చనిపోయింది అతని సొంత బావ."

జీపు డ్రైవర్ బాబురావు గోడకానుకుని ఉన్నాడు. "నా సెట్టు నిమ్మళంగనే ఉండె సార్. ఒక్క చప్పుడు లేదు. బావ పిలిస్తే నిచ్చెన లేపాల్నని వెనక గల్లీల కూసున్న." రాజమణి వైపు తిరిగాడు. "మా అక్క బతుకు కూలగొట్టినవ్ గదనే!"



"జీపు ఇంజన్ ఆపావా?" అడిగాడు వైకుంఠం.

"లే సార్. బ్యాటరీ వీక్. ఆపితే సెట్టు పడుకుంటది."

"మిర్చి ఘాటు?"

"కండ్లు తెర్వనియ్యలే. దగ్గి దగ్గి సచ్చిన."

"మైకు ఎక్కడుంది?"

"హుక్కు ఇరిగింది సార్. మూల తిరిగితే కింద పడ్తది. గందుకే తొడ కింద పెట్టుకుంట. పిలిస్తే ఎంబడే అందాలె గద."

వైకుంఠం వెంకటనారాయణ వైపు తిరిగాడు.

"అన్ని సెట్లకూ ఒకటే లైను. రెండు సెట్లలో లొల్లి. ఒక్కదాంట్లోనే నిశ్శబ్దం. మైకు బటన్ నొక్కి ఉన్నంతసేపు సెట్టుకు చెవులుండవు, వెంకటనారాయణగారూ. లొల్లి వినపడనివాడిదే ఆ లొల్లి. జీపు సెట్టు బలం ముందు వాకీటాకీ ఎంత? గుండయ్య లోపల పిలుస్తూనే ఉన్నాడు."

వెంకటనారాయణ కర్చీఫుతో మెడ తుడుచుకున్నాడు.

"అబద్ధం!" బాబురావు తలుపు తోశాడు. "ఇప్పుడే చూపిస్త."

యార్డులో జీపు స్టార్టయింది. అతను ఎప్పటిలాగే మైకును తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

గదిలో స్పీకరు గుర్రుమంది. ఇంజన్. ఒక దగ్గు.

"గదే సార్," అన్నాడు ఓదెలు మెల్లగా.

రాజమణి తన మైకు నొక్కింది. "బాబన్నా, లెవ్వు! లెవ్వన్నా!"

ఆమె గొంతు ఎక్కడికీ పోలేదు.

కిటికీలోంచి వైకుంఠానికి జీపులో ఎర్రబల్బు కనిపించింది. మైకు బటన్ నొక్కితే వెలిగే బల్బు. నిన్న ఘాటుకు కళ్లు మూసుకున్న బాబురావు ఇప్పుడు దాన్నే చూస్తున్నాడు. తొడ కదలలేదు.

స్పీకరులో అతని గొంతు వచ్చింది.

"బావా... పిలిచినవా?"

మళ్లీ అదే మాట. మళ్లీ.

రాజమణి మైకు వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా యార్డులోకి ఉరికింది.