పొగడబ్బాలో గాజుగుడ్డ

సూర్యాపేటలో మే నెల ఎండ పొద్దున పదింటికే నెత్తి మాడ్చేస్తుంది. 2013లో అలాంటి ఒక బుధవారం పొద్దున, హైవే పక్కనున్న మూడంతస్తుల ప్రైవేటు దవాఖానలో, మొదటి అంతస్తు వరండాలో నిచ్చెన వేసుకొని వీరేశం పైకప్పు పలకలు విప్పుతున్నాడు. కింద టోకెన్ల దగ్గర తోపులాట. క్యాంటీన్‌లోంచి మిర్చిబజ్జీల వాసన. టీవీలో ఏదో సీరియల్. దయ్యాల సంగతి తలుచుకోవడానికి ఏమాత్రం వీలులేని చోటు, వేళ.

వీరేశానిది మోతె ఊరు. తాతల నుంచి గొర్లు కాసిన ఇల్లు. అతను మాత్రం ఐటిఐ చదివి, కోదాడ కాంట్రాక్టరు జగదీశ్ దగ్గర చేరి, పెద్ద బిల్డింగులకు పొగడబ్బాలు బిగించే పని నేర్చాడు. ఏసీ గాలి పోయే రేకు డక్టుకు బయటి వైపు ఒక డబ్బా బిగిస్తారు. దాని నుంచి ఒక సన్న గొట్టం డక్టు లోపలికి పోతుంది. గొట్టానికి వరసగా బెజ్జాలుంటాయి. లోపలి గాలి ఆ బెజ్జాల గుండా డబ్బాలోకి వస్తుంది, అందులో పొగ ఉంటే సైరన్ మోగుతుంది. అంతే సంగతి. బెజ్జాలు తెరిచి ఉన్నంతసేపే అది పొగడబ్బా. మూసుకుపోతే ఉత్త డబ్బా.

ఈ ముక్క వీరేశానికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఇదే దవాఖానలో, ఇదే డక్టుకు, రెండేళ్ల కింద ఆ బెజ్జాలు మూసింది అతనే.

అప్పుడీ దవాఖానకు వేరే పేరు ఉండేది. రెండో అంతస్తులో బాలింతల వార్డు. మన దగ్గర బాలింతకూ పసిబిడ్డకూ నిప్పుల మీద వాము, ఎల్లిపాయ పొట్టు వేసి పొగ పట్టనిదే ఇంటి ఆడవాళ్లకు మనసున పట్టదు. డాక్టర్లు వద్దన్నా, నర్సు అటు తిరగ్గానే నిప్పుల మూకుడు మంచం కిందికి చేరేది. పొగ డక్టులోకి పోయేది. సైరన్ మోగేది. జనం చెప్పులు కూడా వదిలేసి మెట్ల మీద పడి ఉరికేవారు. వారంలో నాలుగుసార్లు ఇదే తంతు. మేనేజరు ధనుంజయ్ జగదీశ్‌ను తిట్టాడు. జగదీశ్ వీరేశాన్ని తిట్టాడు. వీరేశం కట్లు కట్టే గదిలో ఇంత గాజుగుడ్డ అడిగి తెచ్చుకొని, బెజ్జాల్లో కుక్కి, డబ్బా మూత బిగించాడు. రెండు నిమిషాల పని. అందరూ శభాష్ అన్నారు. ధనుంజయ్ చాయ్ కూడా తాగించాడు.

నెల తిరక్కముందే కింద స్టోరు రూములో నిప్పంటుకుంది. పొగ డక్టు వెంట నేరుగా బాలింతల వార్డుకు ఎక్కింది. సైరన్ మోగలేదు. నడవగలిగినవాళ్లు బయటపడ్డారు. నడిగూడెం పక్క లంబాడీ తండా నుంచి వచ్చిన మంగ్లీ మాత్రం ఆపరేషన్ కుట్లతో మంచం దిగలేకపోయింది. ఆమె తల్లి మోతీబాయి ఆ వేళకు కింద మందుల దుకాణం దగ్గర లైన్లో నిలబడి ఉంది. మంగ్లీనీ, మూడు రోజుల బిడ్డనూ కిందికి దించేసరికి ఇద్దరిలోనూ ప్రాణం లేదు.

ఆ సాయంత్రం ఆఫీసర్లు రాకముందే గుడ్డ తీసెయ్యమని జగదీశ్ ఫోన్ చేశాడు. వీరేశం తీశాడు. మసి పట్టిన ముక్కల్ని జేబులో కుక్కుకొని, గేటు ముందు నేల మీద కూర్చున్న మోతీబాయిని తప్పించుకుంటూ పోయాడు. ఆమె అతని మొహంలోకి చూసింది కూడా. ఎవరో పనివాడనుకుంది. కాగితాల్లో షార్ట్ సర్క్యూట్ అని రాసుకున్నారు. రంగులు మారాయి, బోర్డు మారింది, ఖతం.

ఇప్పుడు అదే డక్టుకు కొత్త డబ్బా కావాలన్నారు. ఆ మెట్లు మళ్లీ ఎక్కనని వీరేశం మొదట మొండికేశాడు. కానీ మొన్న అతను మిర్యాలగూడలో రైసుమిల్లు పని మీద ఉండగా భార్య లతకు నొప్పులొచ్చాయి. తల్లి మైసమ్మ, మా కొడుకు పనిచేసిన దవాఖానే కదా, మనల్ని మంచిగ చూస్తారని నమ్మి ఇక్కడికే తీసుకొచ్చింది. ఆమెకేం తెలుసు పాపం! అతను వచ్చేసరికి ఆపరేషన్ అయిపోయింది. ఆడపిల్ల పుట్టింది. అదే వార్డు. ఐదు రోజులు కదిలించొద్దన్నారు. ఈ ఐదు రోజులూ తన పెళ్లానికీ బిడ్డకూ కాపలా ఈ డబ్బా ఒక్కటేనని అతనికి తెలుసు. అందుకే ఇంకొకరిని పంపనియ్యకుండా తనే వచ్చాడు.

డక్టుకు డ్రిల్లు పెట్టగానే లోపల్నుంచి మసి రాలింది. కంటికి కనబడేంత మేరకే కొత్త రేకు వేసి, లోపలంతా పాతదే ఉంచారు మహానుభావులు. వీరేశం పళ్లు నూరుకొని గొట్టం దోపాడు. బెజ్జాలు గాలికి ఎదురుగా తిప్పాడు. ఒక్కొక్కటీ ఊది చూసుకున్నాడు. ఊదుబత్తి వెలిగించి పొగ పట్టగానే సైరన్ చెవులు పగిలేలా మోగింది. దాన్ని ఆపి, నిచ్చెన మీదే కాసేపు కూర్చున్నాడు. రెండేళ్లలో మొదటిసారి అతనికి గుండె తేలికపడింది.

పన్నెండున్నరకు కరెంటు పోయింది.

జనరేటరు ఆపరేషన్ థియేటరు వరకే. డక్టులో ఫ్యాను గిర్రున తిరిగి తిరిగి ఆగిపోయింది. కింద పట్టపగలే, కానీ పైకప్పుకూ స్లాబుకూ మధ్యనున్న సందులో చీకటి ముద్దకట్టింది. వీరేశం టార్చి నోట్లో పెట్టుకొని సామాన్లు సర్దుకుంటున్నాడు. రేకు ఎక్కడో టక్కుమంది. కాసేపాగి, ఇంకొంచెం దగ్గరగా, మళ్లీ టక్కుమంది. అప్పుడు వాసన తగిలింది. వాము... ఎల్లిపాయ పొట్టు... వాటి కింద ఏదో మాడిన వాసన.

బ్యాటరీ మీద సైరన్ మోగింది.

వీరేశం నిచ్చెన దిగి ఒక్క పరుగున బాలింతల వార్డుకు పోయాడు. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. పొగ జాడే లేదు. మైసమ్మ ఒళ్లో పిల్ల నిద్రపోతున్నది.

"అమ్మా, పొగ ఏసినవా?"

"యాడిది పొగ? నర్సమ్మ వద్దన్నది. ఇంటికి పోయినంకనే ఏస్త," అంది మైసమ్మ. "ఎందుకురా గట్ల ఉరికొచ్చినవ్?"

మంచం మీది నుంచి లత అతన్నే చూస్తున్నది. ఏం లేదు, పండుకోమని చెప్పి అతను కిందికి వచ్చేశాడు.

నిచ్చెన దగ్గర మేనేజరు ధనుంజయ్ చెవులు మూసుకొని నిలబడ్డాడు. "ఏందయ్యా ఇది? పేషెంట్లు పరేషాన్ అయితుండ్రు. ఇంకో గంటల ఫైరాఫీసర్ వస్తుండు. బంద్ చెయ్ జల్దీ!"

జగదీశ్ ఫోను ఆ వెంటనే వచ్చింది. "ఏం వీరేశం, మళ్లీ మొదలెట్టావా? ఆఫీసరు హుజూర్‌నగర్‌లో బయల్దేరాడంట. అప్పుడు చేసిందే ఇప్పుడూ చెయ్యి."

"సార్, పైన నా పెళ్లాం, బిడ్డ ఉన్నరు."

"ఆయన పోగానే తీసెయ్. గంటసేపట్లో ఏం కొంపలు మునిగిపోవు."

గంటసేపే కదా, అనుకున్నాడు వీరేశం. అవును, అతనే అలా అనుకున్నాడు. ధనుంజయ్ అప్పటికే గాజుగుడ్డ తెప్పించి చేతిలో పెట్టాడు.

గోడనున్న ప్యానెల్లో బటన్ నొక్కితే సైరన్ ఒక నిమిషం ఆగుతుంది. నొక్కి, పైకెక్కి, గొట్టం బయటికి లాగాడు. గొట్టం తీసిన రంధ్రం దగ్గర చెయ్యి పెట్టాడు. ఫ్యాను ఆగిన డక్టులో గాలి ఆడకూడదు.

వెచ్చగా తగిలింది.

ఆగింది. మళ్లీ తగిలింది... ఆగింది... మళ్లీ. చిన్న ఊపిరి. గబగబా తీసే ఊపిరి. అరచెయ్యి తడిసింది.

"ఎవరు?" అన్నాడు గుసగుసగా.

రేకుకు చెవి ఆనించాడు. తర్వాత, రేకు అవతల, చెవి పక్కనే...

"అన్నా... మూయకన్నా..."

వీరేశం విన్నాడు. అదీ ఇక్కడ చెప్పుకోవలసిన మాట. వినబడక కాదు. కింద ధనుంజయ్ "అయిందా?" అని కేక వేస్తున్నాడు, నిమిషం కావస్తున్నది, చేతులు పాత పనిని మరిచిపోలేదు. అతను కళ్లు గట్టిగా మూసుకొని, బెజ్జం తర్వాత బెజ్జంలో గుడ్డ కుక్కి, గొట్టాన్ని మళ్లీ లోపలికి దోపాడు.

నిమిషం దాటింది. సైరన్ మోగలేదు. దవాఖానంతా హమ్మయ్య అనుకుంది.

అప్పుడు పైనుంచి మైసమ్మ కేక వినబడింది. "వీరేశా! పిల్ల ఊపిరి తీస్తలేదురా!"

మెట్లు ఎలా ఎక్కాడో అతనికే తెలియదు. నర్సు పిల్లను బోర్లించి వీపు రుద్దుతున్నది. పిల్ల పెదాలు నేరేడు రంగుకు తిరిగాయి. "ముక్కుల ఏం లేదు... గొంతుల ఏం లేదు... గాలే పోతలేదు," అంటూ నర్సు ఏడుపు గొంతుతో డాక్టరు కోసం అరుస్తున్నది. లత లేవలేక మంచం పట్టెను కొడుతున్నది. వీరేశం ఆ చిన్న ముక్కును చూశాడు. రెండు బెజ్జాలు... అతనికి అర్థమైంది.

దిగాడు. దొర్లాడనే చెప్పాలి. నిచ్చెనెక్కి గొట్టం పీకి, వేళ్లతో, గోళ్లతో గుడ్డ లాగి పారేశాడు. అయిదు నిమిషాల కింద పెట్టిన తెల్లగుడ్డ. మసితో నల్లగా వచ్చింది. చివరి ముక్క రాగానే గొట్టాన్ని లోపలికి తోశాడు.

సైరన్ మోగింది. పైన పిల్ల కెవ్వుమంది.

వీరేశం రెండు చేతులతో డబ్బాను కావలించుకొని నిచ్చెన మీదే ఉండిపోయాడు. కింద జనం మూగారు. దిగమని ధనుంజయ్ అరుస్తున్నాడు.

"నేను దిగ! ఎవరన్న ముట్టుకుంటే సంపుత!" వీరేశం గొంతు చీలిపోయేలా అరిచాడు. "సార్, ఆనాడు గుడ్డ పెట్టింది నేనే! మంగ్లీని సంపింది కరెంటు కాదు సార్, నేను! ఆమె బిడ్డను గూడ నేనే!"

సైరన్ మోతలో అది ఎవరికీ వినబడలేదు. రెండేళ్లు కడుపులో దాచుకున్న మాట. నలుగురిలో ఒప్పుకున్నా ఒప్పుకోనట్టే అయింది. పెళ్లాం కాన్పుకు మతి చెడిందని ధనుంజయ్ పక్కవాళ్లకు చేత్తో సైగ చేసి, గోడనున్న ప్యానెల్ దగ్గరికి నడిచాడు. వీరేశం చూశాడు. వద్దు వద్దని తల ఊపాడు. నిచ్చెన దిగేలోపే ధనుంజయ్ వీరేశం సంచిలోని కటింగ్ ప్లేయరుతో వైరు కత్తిరించాడు. బెజ్జాలు తెరిచే ఉన్నా, ఇక అది ఉత్త డబ్బా.

నిశ్శబ్దం.

వీరేశం నిచ్చెన మధ్యలో ఆగిపోయాడు. పైకి చూశాడు. ఒక క్షణం... రెండు...

పిల్ల ఏడుపు వినబడింది. గట్టిగా, ఊపిరి నిండా తీసుకొని ఏడుస్తున్నది.

"విన్నవా?" అన్నాడు ధనుంజయ్. "మంచిగున్నది నీ బిడ్డ. ఇగ దిగు."

వీరేశానికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నేల మీద కాలు పెట్టి, గోడ పట్టుకొని మెట్ల వైపు నడిచాడు. ఒక్కో మెట్టుకూ ఏడుపు దగ్గరవుతున్నది. ఆ ఏడుపంత తీయని చప్పుడు అతను పుట్టాక వినలేదు. ఇవాళే అంబులెన్సు మాట్లాడతాను, కుట్లు తెగినా సరే ఖమ్మమో నల్గొండో తీసుకుపోతాను, రేపే తండాకు పోయి మోతీబాయి కాళ్ల మీద పడతాను. అలా అనుకుంటూ వార్డు తలుపు తోశాడు.

లోపల ఎవరూ కదలడం లేదు. మైసమ్మ వార్డు నడుమ నిలబడి తల పైకెత్తి చూస్తున్నది. నర్సు గోడకు అతుక్కుపోయింది. లత కుట్లు లెక్కచెయ్యకుండా లేచి కూర్చొని, పిల్లను గుండెకు అదుముకొని ఉంది.

"లతా... ఏడుస్తుంది కదా..."

లత తల అడ్డంగా ఊపింది. "మన పిల్ల నోరు తెర్వలేదు," అంది గుసగుసగా. "సైరన్ ఆగినకాడి నుంచి... తెర్వనే లేదు."

పిల్ల పెదాలు మూసుకొని, మళ్లీ నేరేడు రంగుకు తిరిగి ఉన్నాయి. ఏడుపు పైనుంచి వస్తున్నది. మంచానికి నేరుగా పైన, గాలి వచ్చే జాలీలోంచి.

వీరేశం పిల్ల గుండెల మీద చెయ్యి పెట్టబోయాడు. చెయ్యి సగం దూరంలో ఆగిపోయింది.

పైన ఏడుపు మెల్లగా తగ్గింది. ఎవరో ఎత్తుకొని పాలకు పెట్టుకున్నట్టు... గుటక వేసిన చప్పుడు... తర్వాత, తండా మాటల్లో, సన్నగా, ఎవరో జోల పాడుతున్నారు.