పదివేల పంపుసెట్ల ఆర్డరు

హఫీజ్‌పేట్ స్టేషన్లో పొద్దుటి రైలు కూత పెట్టింది. ఆ కూతలోనే పిస్తోలు పేలింది. పంపుసెట్ల ఫ్యాక్టరీ డిజైన్ ఇంజనీరు చలపతిరావు, చేతిలో టిఫిన్ క్యారియర్‌తోనే ప్లాట్‌ఫారం మీద కూలిపోయాడు.

గంటలో సీక్రెట్ ఏజెంట్ లింగమూర్తి, చీఫ్ విశ్వేశ్వరరావు ముందున్నాడు.

"ఈ అరవై ఏడంత పాడు సంవత్సరం నేను చూళ్లేదయ్యా. రెండేళ్ల కరువు. సరుకు కొనే నాథుడు లేడు. ఆ ఫ్యాక్టరీ మూతపడి ఎనిమిది నెలలు. అందుకే గవర్నమెంటే పదివేల పంపుసెట్లు కొని రైతులకిస్తుందిట. ఫ్యాక్టరీ తెరుస్తారు. నలుగురి చేతిలో కూలి డబ్బులు ఆడితే బజారు కదులుతుంది. ఇవాళ కొత్తగూడ బావి దగ్గర ట్రయల్. పన్నెండు లోపల నీళ్లు పడకపోతే ఆర్డరు విదేశీ కంపెనీకి పోతుంది. చలపతిరావుని చంపింది వాళ్ల ముఠాయే," అన్నాడు చీఫ్.

"ఢిల్లీల పొదుపు చెయ్యాలంటుండ్రు కద సార్?"

"సగంమంది అంటున్నారు."

"మా అన్న మొగిలి ఆ ఫ్యాక్టరీల ఫిట్టరు. ఎనిమిది నెలలసంది రాళ్లు కొడుతుండు. పస్తున్నోనికి పొదుపు చెప్తరా?" లింగమూర్తి పళ్లు నూరాడు.

చీఫ్ అతని చేతిలో పెన్ను పిస్తోలు పెట్టాడు. "అక్కడ రత్నమాల కలుస్తుంది. కోడ్ వర్డ్, 'మబ్బు పట్టింది'."

"మన మనిషేనా?"

"వాళ్లూ అదే అనుకుంటున్నారు."

పదకొండు నలభై. తలపాగా, గొంగడితో లింగమూర్తి రైతుల గుంపులో నిలబడ్డాడు. ట్రయల్ కోసం పిలిపించిన మొగిలి పైపులో నీళ్లు పోస్తున్నాడు. పైపు నిండితేగాని పంపు నీళ్లు లాగదు. ఎన్ని బిందెలు పోసినా బావిలోకే జారిపోతున్నాయి.

"మీకు యంత్రాలు చేతకావు," అని విదేశీ సలహాదారు బ్రూనో నవ్వాడు. ఢిల్లీ సెక్రటరీ దిగుమతి ఫైలు తెరిచాడు.

లింగమూర్తి పక్కన సెంటు వాసన. నల్ల కళ్లద్దాలు, జార్జెట్ చీర.

"మబ్బు పట్టిందండీ," అంది రత్నమాల. "బావిలో పైపు అడుగున నీళ్లు ఆపే ఫుట్‌వాల్వు తోలు వాషర్ని బ్రూనో మనిషి బ్లేడుతో చీరేశాడు. అందుకే నీళ్లు నిలవట్లేదు. చలపతిరావుని కాల్చిన పిస్తోలు బ్రూనో కోటు జేబులోనే ఉంది."

"ఇప్పుడా చెప్పేది?"

"ఇంతసేపూ వాడి చెయ్యి నా భుజం మీదుందండీ!"

లింగమూర్తికి ఒళ్లు మండిపోయింది. చుట్టూ చూశాడు. బావి యజమానురాలు బుచ్చమ్మ బర్రె దగ్గర పేడ ఎత్తుతోంది.

"బుచ్చమ్మా! పేడనీళ్లు కలుపు, జల్ది!"

"ఏందిర, దొరల మీద పోద్దమా?"

"దొరల మీద కాదు, పైపుల!"

"గంతేనా," అని బుచ్చమ్మ నిరాశపడుతూనే బకెట్ ఎత్తింది.

పైపులో పోసిన పేడ దిగి వాషరు చీలికలో పట్టింది. పైపులో నీళ్లు నిలిచాయి. బ్రూనో నవ్వు ఆగింది. చెయ్యి కోటు జేబులోకి పోయింది. లింగమూర్తి పెన్ను పిస్తోలు పేలింది. బ్రూనో తీసిన పిస్తోలు బురదలో పడింది. గుంపులో ఉన్న మఫ్టీ పోలీసులు వాడి రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"ఎయ్యన్నా!" అని లింగమూర్తి అరిచాడు.

పదకొండు యాభై తొమ్మిది. మొగిలి స్విచ్చి వేశాడు. పంపు దగ్గింది, పచ్చగా ఉమ్మింది, తర్వాత తొడ లావున నీళ్లు దూకాయి. సెక్రటరీ బూట్లు తడిశాయి. ఆయన ఆ ఫైలు మూసి, ఫ్యాక్టరీ ఆర్డరు మీద సంతకం పెట్టాడు. మొగిలి కాలువలో కూలబడి భోరుమన్నాడు.

సాయంత్రం చీఫ్ రిపోర్టు రాస్తూ అడిగాడు. "పైపులో ఏదో పోశావటగా. ఆ కెమికల్ పేరేం రాయమంటావయ్యా?"

"రాయకుండ్రి సార్," అన్నాడు లింగమూర్తి. "ఆ కంపెనోళ్లకు తెలిస్తె గది గూడ తమ దగ్గర్నే కొనుమంటరు."