పాల సెంటర్ అన్న

జర దగ్గరికి జరిగి కూర్చోండి పిల్లలూ. ఒక ఆడపిల్ల గొంతు గురించిన కథ ఇది, సగం సగం వింటే రుచి తెలియదు.

నెల్లికుదురులో గట్టయ్య అనే ముసలాయన పాల సెంటర్ నడుపుతాడు. అందులో నీలి పనిచేస్తుంది. పొద్దున్నే రైతులు తెచ్చిన పాలను మిషన్‌లో పెట్టి, వెన్న ఎంత ఉందో చూసి, అందరికీ వినబడేలా చదివి చెప్పడం ఆమె పని. కానీ నీలి చదవదు. చీటీ మీద రాసి చేతిలో పెడుతుంది.

ఎందుకంటారా, ఆమెది మగవాళ్ల గొంతు. చిన్నప్పుడు బడిలో ప్రార్థన పాడుతుంటే, నువ్వు పెదాలు ఆడించు చాలు అన్నదట పంతులమ్మ. ఆవిడ అనేసి మరిచిపోయి ఉంటుంది. నీలి మాత్రం పన్నెండేళ్లుగా ఆడిస్తూనే ఉంది. బతుకమ్మ ఆటలోనూ అంతే.

గట్టయ్యకు చెవుడు. అందుకని సెంటర్ ఫోన్ నీలి దగ్గరే ఉండేది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పాల వ్యాన్ తోలే సాయికుమార్ కొత్తగా చేరిన రోజు దారి అడగడానికి ఫోన్ చేసి, "అన్నా" అన్నాడు. కాదంటే నవ్వుతాడని నీలి, "ఆఁ, చెప్పు తమ్మీ" అనేసింది.

అంతే, ఇరుక్కుంది. ఆ అన్న గట్టయ్య కొడుకనీ, ఫోన్ మాట్లాడి పొలానికి పోతాడనీ సాయికుమార్ తనకు తానే అనుకున్నాడు. రోజూ బయలుదేరేముందు ఫోన్ చేసేవాడు. పాల కాన్లు రెడీనా అని మొదలుపెట్టి, వాళ్ల అవ్వ, అదే కన్నతల్లి, తిట్టిన తిట్ల దాకా అన్నీ చెప్పేవాడు. నీలి కడుపుబ్బ నవ్వేది. గంట తర్వాత అతను ఎదురుగా వస్తే మాత్రం తల వంచుకుని చీటీలు రాసుకునేది.

మూడు నెలలయ్యాక ఒకరోజు అతను ఫోన్‌లో అడిగాడు.

"అన్నా, చీటీలు రాసే ఆ పిల్లకు మాటలు రావా?"

"వస్తయ్."

"మరి నాతోని మాట్లాడదేంది? నిన్న వానల తడుసుకుంట నిలబడి పేరడిగిన. తల ఊపింది. తల ఊపుడు గూడ ఒక పేరేనా?"

 అతనే మళ్లీ అందుకున్నాడు. "నీ మాట ఇంటేనే నాకు తెల్లారుతది అన్నా. ఆ పిల్ల గూడ గిట్ల నాలుగు ముచ్చట్లు చెప్తే ఎంత మంచిగుండు."

ఆ పూట నీలికి తన గొంతు మీద తనకే అసూయ పుట్టింది.

శుక్రవారం అసలు సంగతి బయటపడింది. ఆదివారం గూడూరులో పిల్లను చూడటానికి వాళ్ల అవ్వ రమ్మంటోందట. ఈ పిల్ల మనసులో ఏముందో తెలియకపోతే పోక తప్పదట. జర నువ్వు అడిగి చెప్పన్నా అని బతిమాలాడు.

"నేనడుగ. రేపు ఆమెనే చెప్తది" అంది నీలి. ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

శనివారం వ్యాన్ వచ్చింది. అతను కాన్లు ఎక్కిస్తూ ఇటే చూస్తున్నాడు. నీలి రెండుసార్లు నోరు తెరిచింది, రెండుసార్లు మూసింది. ఆఖరి కాన్లు ఎక్కుతున్నాయి. అప్పుడు వరుసలో ముందున్న సత్తెమ్మ అనే ముసలామె తన చీటీని తిరిగి నీలి చేతిలోనే పెట్టింది.

"గిది నేనేం జేసుకోవాలె బిడ్డా? నాకు సదువు రాదాయె. రోజు ఎవలనో ఒకలను బతిలాడి సదివిపిచ్చుకుంటున్న. నోటితోని చెప్పరాదూ."

తను గొంతు దాచుకున్నందుకు ఈ ముసలమ్మ రోజూ ఒకరి కాళ్లావేళ్లా పడుతోందని నీలికి ఎన్నడూ తట్టలేదు. పన్నెండేళ్లు ఊరుకుంటే మాత్రం ఆ గొంతేమైనా సన్నబడిందా? లేదు. ఇదే తన గొంతు.

"వెన్న ఆరు పాయింట్ ఎనిమిది, సత్తెమ్మవ్వా."

వరుసంతా తిరిగి చూసింది. ఎవరో కిసుక్కుమన్నారు. సత్తెమ్మ మాత్రం వినడానికి చెవి దగ్గర పెట్టుకున్న చెయ్యి తీసేసింది. "గిన్నొద్దులు ఏడ దాసినవే? నాకు సక్కగ ఇనబడ్డది."

వ్యాన్ దగ్గర కాన్ మూత ఒకటి కింద పడి, గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది. సాయికుమార్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. తర్వాత గబగబా బండెక్కి డోర్ వేసుకున్నాడు.

నీలి చీటీల కట్టను పక్కన పెట్టేసింది. పోతే పోనీ, బయటికొచ్చిన గొంతు మళ్లీ లోపలికి పోదు అనుకుంది. తర్వాతి పాలు మిషన్‌లో పెట్టి పైకే చదివింది. ఎవరూ నవ్వలేదు. వాళ్లకూ తమ పాల సంగతి వినాలి కదా.

అప్పుడు ఫోన్ మోగింది. పది అడుగుల దూరం నుంచి, వ్యాన్ లోపల నుంచి.

"ఇన్నొద్దులు నీ గురించి నీకే చెప్పిన్నా? సిగ్గుతోని సస్తున్న. బండి దిగ బుద్ధయితలేదు." వ్యాన్ అద్దంలోంచి ఇటు చూశాడు. "గూడూరుకు పోనని అవ్వకు చెప్పాల్నా?"

నీలి ఫోన్ కట్ చేసి బల్ల మీద పెట్టింది. గట్టయ్యకు సైతం వినబడేంత గట్టిగా కేకేసింది.

"చెప్పు. చెప్పి దిగు. ఇంక రెండు కాన్లున్నయ్."

అతను దిగాడు. వాళ్ల అవ్వ ఒప్పుకోవడానికి ఒక్క ఫోన్ సరిపోయింది. కోడలి మాట వంటింట్లోంచి వాకిట్లోకి వినబడుతుందని ఆవిడ ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటుంది.

ఈ ముచ్చట యాది పెట్టుకోండి, రేపు ఇంకొకరికి చెప్పండి. చెప్పేటప్పుడు నీలి మాట వచ్చిన చోట గొంతు సన్నగా చేయకండి. మీకు ఏ గొంతు ఉంటే ఆ గొంతుతోనే చెప్పండి.