ఎండ మొక్కు

“గొడుగు తియ్యి బావా! తియ్యమన్నానా?”

పోలమ్మ నామీద కేకేసింది పందొమ్మిదివందల పన్నెండులో, వైశాఖమాసంలో ఒక సోమవారం, మిట్టమధ్యాహ్నం. రావివలస ఎండల మల్లన్నకు పైకప్పు లేదు, ఏడాది పొడుగునా ఎండలోనే ఉంటాడు. ఆయన ఎదుట నెత్తిన చెంగైనా లేకుండా కూర్చుందా పిల్ల. నేను టెక్కలి ఆసుపత్రిలో కాంపౌండరుని, ఆరోజు దర్శనానికి వచ్చాను. చేతిలో గొడుగు పెట్టుకుని, ఎదురుగా ఆడపిల్ల మాడిపోతుంటే ఎలా ఊరుకుంటాను?

“నీ మొగం ఎలా కందిపోనాదో సూసుకున్నావా?” అన్నాను.

“మండతంది, తెలుత్తంది. నీ నీడ పడితే మొక్కు సెడిపోద్ది. అవతలికెల్లు.”

“బాగుందమ్మా! నీడ పట్టినందుకు తిట్లా?”

ఆమె నవ్వలేదు. ఒక్కసారి నావైపు చూసి తల దించుకుంది. ఆ చూపులో కోపం కన్నా బెదురే ఎక్కువ. గొడుగు మూసేశాను గానీ, ఆ చూపు మాత్రం నాతోనే వచ్చేసింది.

వాళ్లమ్మ బొడ్డమ్మ మండపం నీడలో కూర్చుని కళ్లొత్తుకుంటోంది. వరసకు నాకు అత్త. భర్త పోయాక సంతబొమ్మాళి దగ్గర పల్లెలో కూతుర్ని ఒక్కతే పెంచుకొచ్చింది. ఏమైందని అడిగితే చెప్పుకొచ్చింది. రెండేళ్లుగా పోలమ్మ బుగ్గలూ ముక్కూ ఎర్రబడుతున్నాయి, సన్నటి పొక్కులు లేస్తున్నాయి. పెద్దరోగమని, అంటే కుష్టని, ఊరు ఊరంతా తేల్చేసింది. కుదిరిన సంబంధం వెనక్కిపోయింది. ఐదు సోమవారాలు పిల్లను మల్లన్న ఎండలో కూర్చోబెడతానని అత్త మొక్కుకుంది. మొక్కు తీరేలోగా తగ్గకపోతే, ఊరవతల మొగలి డొంకలో గుడిసె వేసి పోలమ్మను అందులో ఒంటరిగా ఉంచాలని పెద్దలు చెప్పేశారు. ఇది మూడో సోమవారం.

“ఎండలో ఉన్న సామి ఎండతోనే మాన్పుతాడనుకున్నాను బాబూ. వారవారానికీ ఇంకా ఎక్కువవతంది. సామికి కోపమొచ్చినాదేటో!”

నాకు ఒళ్లు మండిపోయింది. స్వామి మీద కాదు, ఆ ఊరి పెద్దల మీద.

ఆ సాయంత్రమే ఇద్దర్నీ బండిలో టెక్కలి తీసుకెళ్లాను. డాక్టరుగారు పోలమ్మను కళ్లు మూసుకోమని, కోడి ఈకతో బుగ్గ మీద అక్కడక్కడా తాకారు. ఎక్కడ తాకితే అక్కడ వేలు పెట్టి చూపించింది.

“పెద్దరోగమైతే మచ్చ మీద స్పర్శ పోతుంది. ఇది అది కాదు,” అన్నారాయన. “కొందరి ముఖాలు ఎండకు ఓర్చవు. ముఖంలోకి రక్తం పొంగుతుంది. మళ్లీమళ్లీ ఎండలో ఉంటే ఆ ఎరుపు నిలిచిపోతుంది. పూర్తిగా మాన్పే మందు నా దగ్గర లేదు. నీడపట్టున ఉంచండి.”

“మరి మొక్కో? మద్దిలో ఒగ్గేస్తే ఊరోళ్లు బతకనిత్తారా?” అంది అత్త.

బయట వరండాలో పోలమ్మ నన్ను ఆపింది. “పెద్దరోగం కాదన్నాడు కదా? మరోసారి సెప్పు బావా.”

చెప్పాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. అప్పుడు ఏడ్చింది.

“రెండేల్లయి నన్నెవులూ ముట్టుకోనేదు. నాను ముట్టిన సెంబు ఎవులూ ముట్టరు.”

ఆమె తాగి పక్కన పెట్టిన చెంబు అక్కడే ఉంది. ఎత్తి, మిగిలిన నీళ్లు గటగటా తాగేశాను.

“ఓలమ్మో! ఎంగిలి బావా!”

“దాహమేసింది. ఏటి, తప్పా?”

తడికళ్లతోనే నవ్వింది. అంతే, నా పని అయిపోయింది.

నాలుగో సోమవారం వాళ్ల ఊరిపెద్ద సన్యాసినాయుడే రావివలస వచ్చాడు. డాక్టరుగారి మాట చెబితే కొట్టిపారేశాడు.

“డాకటేరు సెప్పినాడని దేవుడి మొక్కు ఆపుతామేటి? కూకోమను!”

పోలమ్మ వెళ్లి ఎండలో కూర్చుంది. ఘడియ తిరక్కుండానే బుగ్గలు కుంకుమలా అయిపోయాయి. చూడలేక అర్చకులు సుందరరామయ్యగారి కాళ్లమీద పడ్డాను. ఆయన నన్ను లేవనెత్తారు.

“మొక్కు ఆపడానికి లేదు నాయనా. ఒంట్లో బాగులేని ఆడపిల్ల తరఫున తండ్రి గానీ, కట్టుకోబోయేవాడు గానీ కూర్చోవచ్చు.”

సన్యాసినాయుడు ఫెళ్లున నవ్వాడు. “తండ్రి ఎప్పుడో పోనాడు. ఆ మొగం సూసి కట్టుకునేవోడెవుడు?”

చొక్కా విప్పేసి వెళ్లి పోలమ్మ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. అందరూ నోళ్లు తెరిచారు. బండ కాలిపోతోంది.

“జాలా బావా?” అంది పోలమ్మ, నావైపు చూడకుండా.

“జాలైతే మందిత్తాను. ఎండలో ఎందుకు కూకుంతాను?”

“ఇది పూర్తిగా తగ్గదన్నాడు డాకటేరు. బతికినన్నాల్లూ ఎర్రమొగమే.”

“అయితే బతికినన్నాల్లూ నువ్వు నీడలో ఉండు. ఎండపనులు నాను సేత్తాను. నీకిట్టమేనా? అది సెప్పు ముందు. నేదంటే ఇప్పుడే లేచిపోతాను.”

సన్యాసినాయుడు గొంతు సవరించుకున్నాడు. పోలమ్మ మెల్లగా లేచి, అందరి ముందునుంచీ నడిచి, మండపం నీడలో తల్లి పక్కన కూర్చుంది.

“ఏటే, మద్దిలో లేచొచ్చీసినావు?” బొడ్డమ్మ కంగారుపడింది.

“నా తరపున నా మనిసి కూకున్నాడమ్మా,” అంది పోలమ్మ.