ఎక్కడికీ వెళ్ళని మెట్లు

రాత్రి ఆఖరి వార్తలు చదివేశాక ఆ రేడియో స్టేషన్లో వరండా చివరికి ఎవరూ వెళ్ళేవారు కాదు. తప్పనిసరై వెళ్ళాల్సి వస్తే ఇద్దరు కలిసి వెళ్ళేవారు. ఆ ఇద్దరూ అవసరం ఉన్నా లేకపోయినా గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళేవారు.

వరండా చివర ఉన్నది నాటకాల స్టూడియో.

ఇది మా పిన్ని చెప్పిన సంగతి. పిన్ని అక్కడ కార్యక్రమాలు తయారుచేసేది. పిరికిది కాదు. బల్లి కనిపిస్తే ఇంట్లో అందరం కుర్చీలెక్కేస్తాం, ఆవిడ మాత్రం చీపురు వెతుక్కుంటుంది. దెయ్యం కథలు చెప్పేవాళ్ళని చూస్తేనే ఆవిడకి ఒళ్ళు మంట. అందుకే ఆవిడ నోటి నుంచి వచ్చిన ఈ ఒక్కదాన్ని నేను కొట్టిపారేయలేకపోతున్నాను.

ఆ స్టూడియో మామూలు గదిలా ఉండదు. గోడలకి మందపాటి మెత్తలు. గది మధ్యలో చెక్క మెట్లు. మెట్లు ఎక్కితే చిన్న చెక్క అరుగు, అరుగు మీద చట్రంలో బిగించిన ఒక తలుపు. ఇటు గొళ్ళెం, అటు గడియ. తలుపు తీస్తే అటువైపు... ఏమీ లేదు. గాలి. నాటకంలో ఎవరు మెట్లెక్కినా ఆ మెట్లే, ఎవరు తలుపు తట్టినా ఆ తలుపే.

వాటి మీద నడిచేది ఎప్పుడూ ఒక్కడే మనిషి. స్టేషనంతటికీ మామయ్య — చప్పుళ్ళ మామయ్య.

రాజు దర్పంగా దిగివచ్చినా, దొంగ పిల్లిలా ఎక్కినా, ఆ పాదాలు మామయ్యవే. పళ్ళెంలో ఆవాలు దొర్లించి వాన కురిపించేవాడు. గొడుగు టపటపా మూసి తెరిచి పక్షుల్ని ఎగరేసేవాడు. మైకు ముందు బతికిన మనిషి మైకులో ఒక్క మాటా మాట్లాడలేదు. బయట కూడా అంతే. "టీ తాగుతారా మామయ్యా?" అంటే తల ఊపడమే జవాబు.

మాటలన్నీ వెన్నెలక్కవి. ఆవిడ ఆ స్టేషన్ నాటకాల్లో హీరోయిన్. మొహం తెలియకపోయినా గొంతు విని ఆవిడకి సంబంధాలు పంపినవాళ్ళున్నారట. ఆవిడ "ఎవరూ... ఎవరది?" అని భయంగా అంటే ఇళ్ళలో జనం లేచి తలుపులు వేసుకునేవారట.

ఒకే వానాకాలంలో ఇద్దరూ పోయారు. ముందు వెన్నెలక్క, వెనకే మామయ్య.

ఆ తర్వాతే మొదలైంది... నడక.

ఆడమనిషి నడక. వాచ్‌మన్ తాత మొదట విన్నాడు. ఎవరో మైకు ఆపడం మరిచిపోయిన రాత్రి, వరండాలోని స్పీకర్లో, తలుపులు మూసిన స్టూడియోలోంచి మెట్లెక్కుతున్న చప్పుడు. సగంలో ఆగుతుంది. గుడ్డ రాసుకున్నట్టు ఏదో సవ్వడి... మళ్ళీ ఎక్కుతుంది.

"ఏదో మోసుకొస్తోంది మేడమ్," అన్నాడు తాత పిన్నితో, గొంతు తగ్గించి. "ఉత్త చేతుల నడక కాదది."

క్యాంటీన్లో టీ చల్లారేలోపు ఆ మోసేది కాస్తా శవమైపోయింది. సాయంత్రానికి ఆ శవాన్ని మోస్తున్నదెవరో కూడా తేలిపోయింది. వెన్నెలక్కే దెయ్యమైందని అందరూ ఒప్పేసుకున్నారు. బతికుండగా అంత మంచి మనిషి. నోరున్నవాళ్ళు నలుగురు చేరితే పోయినవాళ్ళకి దిక్కెవరు?

ఏడాదికోసారి ఆ స్టేషన్ తన పోయినవాళ్ళని తలుచుకునేది. అనౌన్సర్లు, గాయకులు, నటులు, వాళ్ళ గొంతులు మళ్ళీ ఒక సాయంత్రం గాలిలోకి వచ్చేవి. ఆ ఏడాది కార్యక్రమం పిన్ని చేతికి వచ్చింది. వెన్నెలక్కకి ఇబ్బంది లేదు, గంటలకొద్దీ గొంతుంది. మరి మామయ్యకి?

గొంతే లేని మనిషిని రేడియోలో ఎలా తలుచుకోవడం?

పిన్ని వాళ్ళింటికి వెళ్ళింది. మేడ మీద వాటా. మామయ్య భార్య కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. పక్షవాతం వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడి చాలా ఏళ్ళయింది. కాళ్ళు పడిపోయేనాటికి మామయ్య ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు. పిన్ని ఆవిణ్ణి చూడటం అదే మొదలు.

"ఆయన గురించి రెండు మాటలు చెప్పండి అత్తయ్యా. మైకు ఇక్కడికే తెస్తాను."

ఆవిడ నవ్వింది. నవ్వులో తడి లేదు.

"చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. నాకలా చెప్పడం చేతకాదమ్మా. నన్నొదిలెయ్."

"అందరూ ఆయన్ని అంత గొప్పగా చెప్పుకుంటారు..."

"గొప్పోరే. కాదన్నానా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మీ మామయ్య రచ్చ గెలిచి, ఇంటికి పడుకోడానికి వచ్చేవారు." ఆవిడ కిటికీలోంచి బయటకి చూసింది. "రేకు మీద పడే వాన వేరు, ఆకు మీద పడే వాన వేరని చెప్పగలిగేవారు. వంటింట్లో ఏ గిన్నె పడిందో చూడకుండా చెప్పేవారు. నేను పిలిస్తే మాత్రం పలికేవారు కాదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే నా కాపురమంతా. నేనూ మాట్లాడటం మానేశాను. మానేశానని కూడా ఆయనకి తెలిసినట్టు లేదు."

పిన్ని లేవబోయింది.

"ఒక్కటే దిగులమ్మాయ్," అంది ఆవిడ. "లోకంలో చప్పుళ్ళన్నీ విన్న మనిషికి నేను ఒక్కసారైనా వినపడ్డానా? ఉన్నప్పుడు అడగలేకపోయాను, మొహమాటం. ఇప్పుడు ఎవర్నడగను?"

పిన్ని దారి పొడవునా ఏడ్చుకుంటూ వచ్చిందట.

ఆ రాత్రి పిన్నికి ఒక ఆలోచన తట్టింది. రేడియో వాళ్ళకే తట్టే ఆలోచన. వాళ్ళు నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేస్తారు. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే అంటారు. మాటకీ మాటకీ మధ్య అతుకు వేయాల్సి వస్తే ఆ గది నిశ్శబ్దాన్నే ముక్క కోసి వేస్తారు, లేకపోతే వినేవాళ్ళకి అతుకు తెలిసిపోతుంది. మామయ్యకి గొంతు లేదు సరే. ఆయన బతికిన గది నిశ్శబ్దాన్నే ఒక్క నిమిషం వినిపిస్తే?

పగలు ఆ వరండాలో సంత. కాబట్టి రాత్రే వెళ్ళాలి.

వెళ్ళింది. ఒక్కతే.

లోపల ట్యూబులైటు గుయ్యిమంటోంది. మైకులో అది వినిపిస్తుంది కాబట్టి తీసేయాలి. తీసేసింది. చిమ్మచీకటి. మైకు మెట్ల దగ్గర పెట్టి, టేప్ రికార్డర్ నడిపించి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నేల మీద కూర్చుంది. బట్ట కదిలినా టేపు పాడవుతుంది. ఊపిరి బిగపట్టింది.

నిశ్శబ్దం... చిక్కటి నిశ్శబ్దం.

అప్పుడు — కిర్రు.

మొదటి మెట్టు.

పిన్ని చెక్క సర్దుకుంది అనుకుంది. రాత్రిళ్ళు చెక్క అలాగే అంటుంది.

రెండో మెట్టు. మూడో మెట్టు.

పిన్ని చటుక్కున హెడ్‌ఫోన్స్ తీసేసింది. గదిలో ఏ చప్పుడూ లేదు. చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది. హమ్మయ్య అనుకుని, మళ్ళీ చెవులకి పెట్టుకుంది —

నడక.

చెవులకి లేదు. మైకుకి ఉంది.

ఆడమనిషే. ఒక మడమ మీద బరువెక్కువ. సగం మెట్లెక్కి ఆగింది. ఏదో బరువు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మార్చుకున్న చప్పుడు... మళ్ళీ ఎక్కింది. అరుగు మీద నిలబడింది. ఆపైన తలుపు మీద — ధబ్. తట్టడం కాదు. భుజంతో నెట్టినట్టు.

అంతే, పిన్ని పైప్రాణాలు పైనే పోయాయి. హెడ్‌ఫోన్స్ విసిరేసి, చీకట్లో గోడలు తడుముకుంటూ, ఎలా బయటపడిందో తెలీదు, వాచ్‌మన్ తాత కుర్చీ దగ్గరికొచ్చి పడింది. తాత తన కుర్చీ ఇటు జరిపి, ఫ్లాస్కులో ఉన్న టీ పోసిచ్చాడు.

తెల్లారాక ఇద్దరూ వెళ్ళి టేప్ రికార్డర్ తెచ్చారు. టేపు పూర్తిగా తిరిగి ఆగిపోయి ఉంది. ఒంటరిగా వినే ధైర్యం పిన్నికి లేదు. స్టేషన్లో ఎవరికైనా వినిపిస్తే వెన్నెలక్క పేరు ఇక బాగుపడదు. ఆ మెట్ల చప్పుళ్ళ గురించి అడగడానికి మిగిలింది ఒక్క మనిషే. మామయ్య భార్య. అన్నేళ్ళు ఆయనతో కాపురం చేసింది కదా, ఇది చెక్క చేసే మాయో మరొకటో ఆవిడైనా చెప్పగలదేమో.

మేడ మీద వాటాలో బల్ల మీద టేప్ రికార్డర్ పెట్టింది.

"మామయ్య స్టూడియోలోదే అత్తయ్యా. వెన్నెలక్క దెయ్యమై నడుస్తోందని అందరూ అంటున్నారు. భయపడకండి."

"ఈ వయసులో నన్ను భయపెట్టేదేముంది? పెట్టు."

టేపు తిరిగింది. నిశ్శబ్దం. కిర్రు. మొదటి మెట్టు... రెండోది...

ఆవిడ మొదట తల పక్కకి వాల్చి వింది. తర్వాత కుర్చీ చేతుల్ని పట్టుకుంది. నడక సగం మెట్ల దగ్గర ఆగగానే ఆవిడ పెదవులు కదిలాయి.

"బుట్ట," అంది.

"ఏంటత్తయ్యా?"

"బట్టల బుట్ట. కింద పంపు దగ్గర ఉతికి, తడి బుట్ట పైకి మోసుకొచ్చేదాన్ని. సగం మెట్లెక్కేసరికి ఈ చంక లాగేది. ఆగి, ఆ చంకలోకి మార్చుకునేదాన్ని." ఆవిడ టేప్ రికార్డర్ వైపు వేలు చూపింది. "ఇది వెన్నెల కాదు. ఎవరూ కాదు. ఇది నా నడకమ్మా. కాళ్ళు పడిపోకముందు... నేనిలాగే నడిచేదాన్ని."

పిన్ని ఆవిడ కాళ్ళ వైపు చూసింది. పలచటి దుప్పటి కింద అవి కదలకుండా ఉన్నాయి.

ఆవిడ ఇక్కడుంది. నడక అక్కడుంది. ఆ మెట్ల మీద ఎవరి నడకనైనా నడవగలిగిన మనిషి లోకంలో ఒక్కడే ఉండేవాడు...

"ఆయన ఎప్పుడు విన్నారమ్మా?" ఆవిడ ఏడుస్తోంది, తుడుచుకోవడం లేదు. "అటు తిరిగి పడుకునేవారే. నాకే గుర్తు లేదు, మడమ అలా ఆనించేదాన్నని... ఎప్పుడు విన్నారు?"

టేపులో నడక పైకి వచ్చింది. ధబ్.

"చేతులు ఖాళీ ఉండేవి కాదు. అలా భుజంతో గుద్ది, 'ఏవండీ, తలుపు తీయండీ' అనేదాన్ని. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ లేచి రాలేదు. బుట్ట కింద పెట్టి నేనే తీసుకునేదాన్ని."

ఆ రాత్రి పిన్ని విన్నది అక్కడివరకే. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. కింద వీధిలో ఏదో బండి వెళ్ళిపోయింది. పిన్ని ఆపేద్దామని చెయ్యి చాచింది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

మెల్లగా, అటువైపు నుంచి, గడియ జరిగింది.

తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.

ఆవిడ పట్టు పిన్ని చేతి మీద బిగుసుకుంది. గుసగుసగా, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి అన్నట్టు అంది —

"వచ్చారు... లేచొచ్చి తీశారమ్మా."