పోలరాజు కాలిలో చీకటి చుక్క

"ఈసారి నీకు వేషం అక్కర్లేదు రాఘవా. నీ జబ్బే నీ కవర్" అన్నాడు చీఫ్ పూర్ణచంద్రరావు.

ఆటోనగర్‌లో ఓ లారీ షెడ్డు వెనక గది అది. తొడ ఎముకలో క్యాన్సర్ అని తెలిసినప్పటి నుంచి ఏజెంట్ రాఘవకు ఏడుపూ రాలేదు, భయమూ వేయలేదు.

"నేవీ రాడార్ చిప్ పోయింది. విదేశీ ముఠా దాన్ని ఇవాళ గన్నవరం ఎయిర్‌పోర్టు నుంచి దాటిస్తోంది. దారి ఓ స్కాన్ సెంటర్. అక్కడి డాక్టర్ సత్యశ్రీ మన ఏజెంటే."

"మనకేనా?"

"వాళ్లక్కూడా అని అనుమానం."

స్కాన్ సెంటర్‌లో, పట్టుచీరలో మెరిసిపోతున్న సత్యశ్రీ రాఘవకు ఇంజెక్షన్ ఇచ్చి, మందు ఎముకలకు పట్టేదాకా కూర్చోమంది. పక్కనే పోలరాజు. బందరు రేవులో చేపల వ్యాపారి. అదే జబ్బు. ఆయన స్కాన్ అప్పటికే అయిపోయింది.

"సింగపూర్‌లో ఫ్రీగా ఆపరేషనంటండీ. డాక్టరమ్మ గారి చలవ. మొన్న పరీక్షకని కాల్లో ముక్క తీసిన చోటే ఇంకా సలుపుతా ఉందండి" అని చెప్పి, వీల్‌చైర్‌లో కారెక్కాడు.

తన స్కాన్ ముగించుకుని దిగిన రాఘవ మానిటర్ మీద పోలరాజు కాలు చూశాడు. జబ్బున్న ఎముక మందు పీల్చుకుని నిప్పులా వెలుగుతోంది. ఆ వెలుగులో చిన్న చీకటి చుక్క.

"అదేంటండీ?"

"కోల్డ్ స్పాట్. చచ్చిపోయిన ఎముక" అంది సత్యశ్రీ, అటు చూడకుండానే.

పక్క నుంచి తీసిన బొమ్మలో ఆ చుక్క ఎముకలో లేదు. కండలో ఉంది. చచ్చిన ఎముక కండలోకి నడిచి రాదు. మందు వెదజల్లే రేడియేషన్‌ను అడ్డుకునేది లోహం. ముక్క తీసిన గాయంలోంచి చిప్‌ను లోపల పెట్టారు!

రాఘవ కుంటుకుంటూనే బయటికి పరుగెత్తాడు.

గన్నవరంలో పోలరాజు దగ్గర మెటల్ డిటెక్టర్ కూసింది. కాలిలో రాడ్ ఉందన్న సత్యశ్రీ సర్టిఫికెట్ చూసి సెక్యూరిటీ వాళ్లు పంపేశారు. విమానం తలుపు మూసేస్తుండగా రాఘవ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆయన కాల్లో రాడ్ లేదు! దించండి!"

ఎయిర్‌పోర్టు డాక్టర్ పోలరాజు కాల్లోంచి బియ్యపు గింజంత లోహపు గొట్టాన్ని బయటికి తీశాడు. లోపల చిప్.

"అయితే సింగపూర్ లేదాండీ?" అన్నాడు పోలరాజు.

"ఆపరేషన్ ఇక్కడే చేయిస్తాం" అన్నాడు రాఘవ. ఆ ముఖంలోకి చూడలేకపోయాడు.

సాయంత్రం సత్యశ్రీ చేతులకు బేడీలు పడ్డాయి. రాఘవ తన స్కాన్ ఆమె ముందు పెట్టాడు.

"నాది కూడా చూసి చెప్పండి డాక్టర్ గారూ. ఈసారి నిజం."

ఆమె చాలాసేపు చూసింది.

"మీ దాంట్లో వింతేమీ లేదండీ. అంతా క్యాన్సరే."